ఉన్నది ఉన్నట్టుగా... ఓ ఇల్లు!

బ్యాంకు వేలంలో ఇల్లు చవగ్గా వస్తుందంటారు. నిజమే, వస్తుంది. మరి ఆ తగ్గిన డబ్బు ఎవరి లెక్కలోంచి తగ్గింది? హిందూపురం నుంచి ధర్మవరం దాకా సొంతింటి కోసం తిరిగిన ఓ జంటకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

పేపర్లో అన్నిటికంటే చిన్న అక్షరాలుండే పేజీ అది. సినిమాలూ క్రికెట్టూ చదవడం అయిపోయాక బజ్జీల పొట్లానికి తప్ప పనికిరాదనుకునే పేజీ. 'స్వాధీన ప్రకటన' అనో, 'ఈ-వేలం అమ్మకపు నోటీసు' అనో పైన హెడ్డింగు. కింద గళ్లు గళ్లుగా ఓ పట్టిక. అప్పు తీసుకున్నవారి పేరు, హామీ ఉన్నవారి పేరు, రావాల్సిన బాకీ, ఆస్తి వివరం. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రస్తా, ఉత్తరాన ఖాళీ స్థలం... ఇరవై ఏళ్ల కాపురం నాలుగు హద్దుల మధ్య నాలుగు లైన్లలో ఇమిడిపోతుంది.

హిందూపురంలో అద్దెకుండే ఓ ప్రభుత్వ టీచరు 2024 దాకా ఆ పేజీ వైపు చూడలేదు. ఆయన పనిచేసే బడి పెనుకొండ దగ్గర. భార్య పుట్టినిల్లు ధర్మవరం. ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్లలో నాలుగు అద్దె ఇళ్లు మారారు. నాలుగో ఇంటి ఓనరు కూడా 'మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడు సార్' అన్న రోజు సాయంత్రం, స్టాఫ్ రూములో తోటి టీచరు ఒకాయన పేపరు మడిచి ముందు పెట్టాడు. ''బయట పాతిక లక్షలు పలికే ఇల్లు సార్. బ్యాంకోళ్లు పద్దెనిమిదికి పెట్టినారు. కండ్లు మూసుకొని పాడొచ్చు.''

కళ్లు మూసుకొని పాడకూడని పాట ఏదైనా ఉందంటే అది ఇదే. కానీ ఆ సంగతి అప్పటికి ఇద్దరు మాస్టార్లకూ తెలియదు.

తలుపులు పీకిన కాలం

వేలం అంటే ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు వేరే జ్ఞాపకాలున్నాయి. సొసైటీ బాకీ కట్టలేదని ఇంటి తలుపులు, కిటికీలు పీకి బండికెత్తిన రోజులు చూసినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. టముకు వేయించి, ఊరందరి ముందు పేరు పిలిచి వేలం వేసేవాళ్లు. ఊళ్లో ఎవరూ పాడేవాళ్లు కాదు. పాడినవాడి ఇంట నీళ్లు తాగమనేవాళ్లు. ఆ సిగ్గే అప్పులవాడికి ఒక రకం రక్షణ.

2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఈ తతంగాన్నంతా కాగితం మీదికి తెచ్చింది. అంతకుముందు తాకట్టు ఆస్తిని అమ్ముకోవాలంటే బ్యాంకు కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చేది. ఈ చట్టంతో కోర్టు గడప తొక్కకుండానే అమ్మే వీలొచ్చింది. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ. ఆపైన 60 రోజుల గడువుతో నోటీసు. అప్పటికీ కట్టకపోతే స్వాధీనం, రెండు పేపర్లలో ప్రకటన, 30 రోజుల గడువుతో వేలం. రెండు పేపర్లలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. మాస్టారి చేతికి ఆ తెలుగు పేజీ వచ్చింది అందువల్లే! అప్పు తీసుకున్నవారికి అభ్యంతరముంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మొదట్లో అక్కడికి వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న షరతుండేది. అంత డబ్బుంటే ట్రిబ్యునల్ దాకా ఎందుకు వెళ్తారు? మార్దియా కెమికల్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది.

సాగుభూమి జోలికి ఈ చట్టం రాదు. లక్ష లోపు అప్పుకూ వర్తించదు. అసలూ వడ్డీ కలిపి బాకీ 20 శాతం లోపు మిగిలి ఉన్నా వర్తించదు. కాబట్టి అనంతపురం నేలలో వేరుశనగ పోయి మునిగిన రైతు చేను ఈ పట్టికలో కనపడదు. కనపడేవి టౌన్లలోని మిద్దెలు, షాపులు, ప్లాట్లు, షెడ్లు.

టముకు పోయింది. పాడేవాడి ముఖం పాడించుకునేవాడికి తెలియదు. 2019 డిసెంబరులో ప్రభుత్వ బ్యాంకుల వేలం ఆస్తులన్నిటికీ కలిపి ఈ-బిక్రయ్ వేదిక వచ్చింది. దాన్నే మార్చి 2025 జనవరిలో బ్యాంక్‌నెట్ తెచ్చారు. హిందూపురంలో ఇంట్లో కూర్చుని ధర్మవరం ఇల్లు పాడుకోవచ్చు. సిగ్గు అనే ఆ పాత రక్షణ కాస్తా అలా పోయింది.

హిందూపురం: డబ్బు చేతిలో ఉన్నవాళ్ల ఆట

మొదటి ఇల్లు హిందూపురంలోనే దొరికింది. మూడు సెంట్ల స్థలం, రెండు బెడ్‌రూములు, పిల్లల బడికి నడిచే దూరం. బ్యాంకు తాళం వేసి ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరు. మాస్టారు రిజర్వు ధరలో పది శాతం ధరావతు కట్టి, జీవితంలో మొదటిసారి ఈ-వేలంలో కూర్చున్నారు.

గంటన్నరలో అయిపోయింది. ఆయన అనుకున్న ఆఖరి అంకె మొదటి ఇరవై నిమిషాల్లోనే దాటేసింది. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ ముందుకు జరుగుతుంది కాబట్టి ముగ్గురెవరో అలా జరుపుకుంటూనే పోయారు. ఆ ఇల్లు చివరికి బయటి ధరకు ఓ లక్ష తక్కువలో పోయింది. అంటే చవకేమీ కాదు!

హిందూపురం బెల్లానికీ, చింతపండుకూ, పట్టుగూళ్లకూ పేరున్న ఊరు. ఇప్పుడు దాని దశ బెంగళూరు వైపు నుంచి వస్తోంది. వంద కిలోమీటర్ల దూరం, రైలు సౌకర్యం, ఈ చివర తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు. బెంగళూరులో ఓ చిన్న ఫ్లాటు ధరకు ఇక్కడ మిద్దె, ఖాళీ స్థలం, మామిడి చెట్టు కూడా వస్తాయి. అందుకే వేలం ఆస్తులనే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ల చూపు ఇటు పడింది. వాళ్ల లెక్క స్పష్టం. నలుగురు కలిసి డబ్బు పోగేస్తారు. తాళం పడిన ఇళ్లు తప్ప ముట్టుకోరు. ఓ లాయరు చేతిలో ఉంటాడు. కొని, సున్నం వేయించి, ఆరు నెలల్లో అమ్మేస్తారు. ఇంటికి పేరు పెట్టరు, పాలు పొంగించరు.

ఇల్లు కావాల్సినవాడు వాళ్లతో పోటీ పడలేకపోవడానికి ధైర్యం లేకపోవడం కారణం కాదు, పదిహేను రోజుల గడువు కారణం. పాట నెగ్గిన రోజు, లేదంటే మర్నాటికి, నాలుగోవంతు డబ్బు కట్టాలి. మిగతా ముప్పావు వంతు పదిహేను రోజుల్లో. బ్యాంకు ఒప్పుకుంటే మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు, కానీ ఒప్పుకోవాలి కదా! హోం లోను కాగితాలు కదిలేసరికి పదిహేను రోజులు దాటిపోతాయి. దాటితే కట్టిన నాలుగోవంతూ పోతుంది. ఎంతో కొంత కోసుకుని మిగతాది వెనక్కిస్తారులే అనుకునేవాళ్లకు 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు గట్టి జవాబు. గడువులో కట్టకపోతే ఆ 25 శాతం మొత్తం జప్తు చేసుకోవచ్చంది.

ఓడిపోయిన మర్నాడు ధరావతు వెనక్కి వచ్చింది. మాస్టారి భార్య ఫోన్లో మెసేజ్ చూసి ''పోనీలెండి, మన డబ్బు మనకొచ్చింది'' అంది. ఆ మాటలో ఆమెకు కొంచెం ఊరటే ఉంది. తాళం తీసి చూపించిన రోజున వంటింటి గోడ మీద పెన్సిల్ గీతలు కనపడ్డాయామెకు. ఎవరో పిల్లవాడి ఎత్తు ఏటేటా కొలిచిన గీతలు.

పెనుకొండ: రాళ్లు లేని ప్లాట్లు

పెనుకొండకు వైభవం, పతనం రెండూ పాతవే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. గగన్ మహల్, కోట గోడలు ఇంకా ఉన్నాయి. మళ్లీ అలాంటి కళ వచ్చింది 2017 ఏప్రిల్ 27న. కియా మోటార్స్ ఒప్పందం మీద సంతకాలైన రోజది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఈలోపు 44వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ వేరుశనగ చేలల్లో రంగురంగుల జెండాలు లేచాయి. ప్రతి జెండా కిందా ఓ వెంచర్, ప్రతి వెంచర్‌కూ కొరియా భాషను గుర్తుకుతెచ్చే పేరు. కొరియా వాళ్లకు అద్దెకివ్వొచ్చని అప్పు చేసి గెస్ట్‌హౌస్‌లు కట్టినవాళ్లు ఎందరో. కంపెనీ నిలబడింది. కార్లు వస్తూనే ఉన్నాయి. కానీ అందరి ప్లాట్లూ నిలబడలేదు. 2020లో కరోనా వచ్చి అద్దెలు ఆగాయి, వాయిదాలు ఆగలేదు. రిజర్వు బ్యాంకు ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చింది నిజమే. వాయిదా ఆగిందే కానీ వడ్డీ ఆగలేదని చాలామందికి తర్వాత తెలిసింది.

మాస్టారు పెనుకొండలో చూసింది ఇల్లు కాదు, ప్లాటు. నోటీసులో సర్వే నంబరుంది, ప్లాటు నంబరుంది, చదరపు గజాలున్నాయి. తీరా అక్కడికి వెళితే అంతా తుమ్మచెట్లు. హద్దురాళ్లు ఎవరో పీకేశారు. వెంబడి వచ్చిన స్థానికుడు చేత్తో గాల్లో ఓ గీత గీసి ''ఇట్లా ఉంటుంది సార్ మీది'' అన్నాడు. ఇక్కడినుంచా అంటే ''ఇక్కడి నుంచి గూడా అనుకోవచ్చు'' అని జవాబు.

ఈ నోటీసుల్లో ఒక మంత్రం ఉంటుంది. 'ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏది ఉంటే అదే' ప్రాతిపదికన అమ్మబడును. వినడానికి తత్వంలా ఉంటుంది కానీ దాని అర్థం మాత్రం పచ్చి వ్యవహారం. హద్దులు నువ్వే చూసుకో, బాకీలు నువ్వే కనుక్కో, లోపల మనిషి ఉంటే నువ్వే మాట్లాడుకో. ఇంటి పన్ను, నీటి పన్ను, అపార్టుమెంటైతే మెయింటెనెన్సు... అన్నీ. పాత ఓనరు కరెంటు బాకీ కొత్తవాళ్ల మీద పడుతుందా అని ఎన్నో ఏళ్లు కోర్టుల్లో నలిగింది. 2023 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. సరఫరా నిబంధనల్లో అలా రాసి ఉంటే కొత్త ఓనరు నుంచి వసూలు చేయొచ్చు. కొనే ముందు కరెంటాఫీసుకు వెళ్లి మీటరు నంబరు చెప్పి అడగడం అందుకే మంచిది. ఆ పని ఎవరూ చేయరు.

ఈసీ తీయించాలి. అది కూడా పదేళ్లకు కాదు, ముప్పయ్యేళ్లకు. ఒకే ఆస్తి రెండు చోట్ల తాకట్టులో ఉందేమో 2011 నుంచి పనిచేస్తున్న సెర్సాయ్ రిజిస్ట్రీలో వెతకాలి. రిజిస్ట్రేషన్ నిషేధ జాబితా, అదే 22-ఏ, చూడాలి. అసైన్డ్ భూమిని లేఅవుట్ వేసి, దానిమీద లోను తీసుకున్న ఘనులున్నారు. మాస్టారి ప్లాటు 22-ఏలో లేదు. అయితే లేఅవుట్‌కు అనుమతి ఉన్నట్టు కూడా ఎక్కడా లేదు. వదిలేశారు.

అంతకంటే పెద్ద కథ పెనుకొండకు కొద్ది దూరంలోనే ఉంది. 2008-09 ప్రాంతంలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ కోసమని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కేటాయించారు. హబ్ రాలేదు. భూములు బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లాయి, వ్యవహారం దివాలా ప్రక్రియ దాకా నడిచింది, 2022లో రాష్ట్రమంతా రచ్చయింది. ఒక ప్లాటు కోసం తుమ్మచెట్ల మధ్య నిలబడి హద్దు వెతుక్కునేవాడికి వేల ఎకరాల తాకట్టు గురించి ఆలోచిస్తే నవ్వొస్తుంది. నవ్వు మాత్రమే వస్తుంది.

ఈ మోజు ఇక్కడిదే కాదు. 2008లో అమెరికాలో ఇళ్ల అప్పులు కుప్పకూలినప్పుడు కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో, బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లను కొనేవాళ్లకు చూపించడానికి ఏకంగా టూరిస్టు బస్సులే తిప్పారు. ఆ బస్సులు ఆగిన ఇళ్లు చాలావరకు ఖాళీవి. మన దగ్గర అలా కాదు. చాలా ఇళ్లలో మనిషి ఉండగానే నోటీసు పడుతుంది.

ధర్మవరం: మగ్గం ఆగలేదు

మూడో నోటీసు 2025 ఎండాకాలంలో వచ్చింది. ధర్మవరంలో రెండున్నర సెంట్ల మిద్దె. బాకీ 23 లక్షల పైచిలుకు. మొదటి వేలంలో రిజర్వు ధర 21 లక్షలు పెడితే ఎవరూ రాలేదు. రెండోసారి 18 లక్షల 90 వేలకు దించారు. స్వాధీనం కాలమ్‌లో 'సింబాలిక్' అని ఉంది. అంటే గోడకు నోటీసు అంటించారు, అంతే. కుటుంబం లోపలే ఉంది. వ్యాపారులు దాని జోలికి రాకపోవడానికి కారణం అదే. ఖాళీ చేయించాలంటే బ్యాంకు మళ్లీ కలెక్టరుకో, మేజిస్ట్రేటుకో అర్జీ పెట్టుకోవాలి, పోలీసులు రావాలి. నెలలు పట్టొచ్చు.

ఆస్తి చూసుకోవడానికి నోటీసులో ఓ తేదీ ఇస్తారు. ఆ రోజు ఇద్దరూ వెళ్లారు. పిల్లల్ని ఆమె అమ్మ దగ్గర వదిలారు. బ్యాంకు తరఫున వచ్చినాయన గుమ్మం దాకా తీసుకెళ్లి, ఫోన్ వచ్చిందని వీధి చివరికి నడిచాడు. పాపం, ఆయనకు మాత్రం ఏం సరదా!

తలుపు తీసే ఉంది. లోపల మగ్గం నడుస్తోంది.

ముందుగదిలో రెండు గుంత మగ్గాలు. ఒకదాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. రెండోదాని గుంతలో కాళ్లు పెట్టుకుని యాభై దాటిన మనిషి నేస్తున్నాడు. వీళ్లను చూసి నాడె ఆపాడు. ఎందుకొచ్చారో అడగలేదు. ఆయన భార్య లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మాస్టారికి గొంతు దిగలేదు. ఆమె మాత్రం మగ్గం దగ్గరికి వెళ్లి, ఎందుకడిగిందో ఆమెకే తెలియకుండా, ''వార్పులో ఇంకెన్నున్నాయన్నా?'' అంది.

ఆయన తలెత్తి చూశాడు. ''రెండు చీరలమ్మా. నేసేవాళ్ల బిడ్డవా?''

''మా నాయన నేసేవాడు.''

ఆ తర్వాత మాటలు వాటంతటవే నడిచాయి. 2018లో ఇల్లు తాకట్టు పెట్టి పదిహేను లక్షలు తీసుకున్నాడు. పైన రెండు గదులు వేశాడు, రెండో మగ్గం పెట్టాడు, కూతురి పెళ్లి చేశాడు. రెండేళ్లు బాగానే కట్టాడు. లాక్‌డౌన్‌లో షావుకారు దగ్గర చీరలు పేరుకుపోయాయి. ముడిపట్టు ధర పెరిగింది. కూలి మాత్రం అలాగే ఉంది. మళ్లీ పెళ్లిళ్లు మొదలయ్యేసరికి మార్కెట్లోకి మరమగ్గాల చీరలు వచ్చేశాయి. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985లోనే చట్టముంది. ధర్మవరంలో ఆ చట్టం గురించి మాట్లాడితే ఎవరూ కోపం కూడా తెచ్చుకోరు. చేనేత కుటుంబాలకు ఏడాదికి 24 వేల రూపాయలిచ్చే నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబరులో ప్రారంభించింది ఈ ఊళ్లోనే. అది ఉన్నన్నాళ్లూ వచ్చింది, వచ్చినంతా వడ్డీలోకి పోయింది.

నేతగాడి ఇల్లు అందరి ఇళ్ల లాంటిది కాదు. మాస్టారికి ఇల్లు పోతే ఇంకో ఇంటికి మారి మర్నాడు బడికి వెళ్తాడు. నేతగాడి ఇల్లు పోతే గుంత కూడా పోతుంది. అద్దె ఇంట్లో నేల తవ్వి మగ్గం దించుకోమనే ఓనరు దొరకడం అంత తేలిక కాదు. పట్టికలో రెండున్నర సెంట్లు, మిద్దె అని రాస్తారు. మగ్గం గుంత అన్న కాలమ్ లేదు.

లేచి వచ్చేస్తుండగా గుమ్మం దగ్గర ఆయన అన్నాడు. ''పాడేటట్టుంటే పాడండి సార్. మీ మింద నాకేం లేదు. ఎట్లైనా పోయేదే కదా. కాకపోతే... కొంచెం ఎక్కువకు పాడమ్మా.''

లక్ష తగ్గితే...

ఆ రోజు సాయంత్రం హిందూపురం రైల్లో భార్యాభర్తలు చాలాసేపు మాట్లాడుకోలేదు. పెనుకొండ దాటాక ఆమె అడిగింది, ''ఎక్కువకు పాడమని ఎందుకన్నాడు?'' మాస్టారు సర్ఫేసీ చట్టం గురించి అప్పటికి ఓ పుస్తకానికి సరిపడా చదివారు. అయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడే ఆయనకూ సరిగ్గా అర్థమైంది.

వేలంలో వచ్చిన డబ్బు బ్యాంకు బాకీకి, ఖర్చులకు పోను మిగిలితే అప్పు తీసుకున్నవారికే ఇవ్వాలి. చాలకపోతే? మిగతా బాకీ అలాగే ఉంటుంది. దానికోసం బ్యాంకు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, హామీదారు వెంట పడొచ్చు. అంటే ఇల్లు పోతే అప్పు పోయినట్టు కాదు. 23 లక్షల బాకీ ఉన్న ఇల్లు 19 లక్షలకు పోతే, ఇల్లు లేని ఆ మనిషి మీద నాలుగు లక్షలు ఇంకా ఉంటాయి. వేలం ఇల్లు చవగ్గా వచ్చిందని అందరూ చెప్పుకునే ఆ 'చవక' బ్యాంకు దానమూ కాదు, ప్రభుత్వ రాయితీ కూడా కాదు.

''మనకు లక్ష తగ్గితే ఆయనకు లక్ష పెరిగినట్టు'' అంది ఆమె.

''మనం పాడకపోతే మూడోసారి ఇంకా తగ్గిస్తారు'' అన్నారాయన. అదీ నిజమే. వెనక్కి తగ్గడం ఉదారంగా కనిపిస్తుంది కానీ నేతగాడి ఖాతాలో దానివల్ల ఒక్క రూపాయి మారదు. ఆయనే బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే దారి కూడా అప్పటికే మూసుకుపోయింది. 2016లో చట్టం సవరించాక, వేలం ప్రకటన పేపర్లో పడేలోపే ఆ హక్కు వాడుకోవాలి. 2023 సెప్టెంబరులో సెలిర్, బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది. అంతకుముందైతే అమ్మకం పూర్తయ్యే ఘడియ దాకా ఆశ ఉండేది. కొనేవాడికి ఈ తీర్పు భరోసా. లోపలున్నవాడికి తలుపు మూసిన చప్పుడు. రెండూ ఒకే పేజీలో ఉన్నాయి.

వారం పాటు ఇంట్లో ఇదే చర్చ. ఆమె తండ్రి ఇల్లు కూడా ఒకప్పుడు తాకట్టులో ఉండేది. విడిపించుకున్నారు, అది వేరే సంగతి. చివరికి పాడమని చెప్పింది ఆమే. ''తెలిసినవాళ్లం మనం కొంటే వార్పు దిగేదాకా ఉండనిస్తాం. వేరేవాళ్లు ఉండనిస్తారా?'' ఈ వాదనలో కొంత జాలి ఉంది, కొంత ఇల్లు కావాలన్న ఆశ ఉంది. ఏది ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆమె కూడా విడదీయలేదు.

ఈసారి పదిహేను రోజుల గడువుకు ముందే సిద్ధమయ్యారు. వేలం ఆస్తులకు లోనిచ్చే ఇంకో బ్యాంకులో ముందుగానే కాగితాలు కదిపారు. చీటీ పాడారు. ఆమె గాజులు, హారం తాకట్టుకు వెళ్లాయి. ఒకరి తాకట్టు కొనడానికి ఇంకో తాకట్టు! బావమరిది మూడు లక్షలు చేబదులిచ్చాడు. ఇద్దరూ కూర్చుని ఆఖరి అంకె 21 లక్షలని రాసుకున్నారు. నిజానికి ఆ ఇంటికి అంత పెట్టొచ్చు.

వేలం రోజు పదకొండు గంటలకు స్క్రీన్ తెరుచుకుంది. రిజర్వు ధర మీద కనీసం ఒక్క పెంపు, ఇరవై వేలు, పాడాలి. మాస్టారు 19 లక్షల 10 వేలు నొక్కారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఇంకెవరూ రాలేదు. హిందూపురంలో గడియారాన్ని జరుపుకుంటూ పోయిన ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు. చివరి నిమిషంలో ఆమె స్క్రీన్ వంక చూస్తూ ''ఇంకొకసారి...'' అని ఆగిపోయింది. ఎదురు పాట లేనప్పుడు తన పాట మీద తనే ఎవరు పాడతారు? పిల్లల ఫీజులున్నాయి, బావమరిది డబ్బుంది, ఆమె హారం ఉంది. మాస్టారు ఆమె వైపు చూడలేదు. టైమ్ అయిపోయింది. మీరే అత్యధిక బిడ్డరు అని స్క్రీన్ మీద వచ్చింది.

నాలుగోవంతు అంటే 4,77,500. అందులో ధరావతు 1,89,000 పోను మిగిలింది మర్నాడే కట్టారు. తక్కిన 14,32,500 పదమూడో రోజున జమ చేశారు. సేల్ సర్టిఫికెట్ వచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది. ఖాళీ చేయించడానికి పోలీసులు రావాల్సిన అవసరం పడలేదు. నేతగాడు రెండు చీరలూ దించి, చెప్పిన తేదీకి మగ్గం విప్పి ట్రాలీ ఆటోకెత్తాడు. ఇల్లు చిమ్మి, తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లాడు. రెండో మగ్గం సగానికి సగం ధరకు ఎవరికో అమ్మేశాడని పక్కింటావిడ చెప్పింది. ఆయన ఇప్పుడు ఇంకొకరి ఇంట్లో, వాళ్ల మగ్గం మీద కూలికి నేస్తున్నాడు.

మాస్టారి కుటుంబం దసరా సెలవుల్లో ధర్మవరం మారింది. ముందుగదిలో రెండు గుంతలూ పూడ్చి బండలు పరిపించారు. కొత్త బండల రంగు పాతవాటితో కలవలేదు. చిన్నవాడు ఆ చదరాల మీదే తొక్కుడుబిళ్ల ఆడుతుంటాడు. మాస్టారు పొద్దున్నే రైలుకు పెనుకొండ వెళ్లి సాయంత్రం వస్తారు. స్టాఫ్ రూములో ఎవరైనా ''ఎంతకొచ్చింది సార్?'' అంటే అంకె చెబుతారు. ''భలే కొట్టేసినారు'' అంటే మాట మారుస్తారు.

మిగతా బాకీ గురించి బ్యాంకు రాసే రిజిస్టర్డ్ ఉత్తరాలు పాత ఓనరు పేరు మీద ఇంకా ఈ అడ్రసుకే వస్తున్నాయి. ఆయన ఎక్కడుంటున్నాడో పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు. అయినా కవరు మీద ఉన్న ఇల్లు ఇదే కాబట్టి ముందు ఇక్కడికే వచ్చి, గుమ్మంలో సైకిలు ఆపి, ఆ పేరు గట్టిగా పిలుస్తాడు. ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇక్కడ లేరని చెబుతుంది.